సమోవా నాయనమ్మకు ఆట మీద కోపమెందుకు?

నేను దక్షిణ ఆక్లాండ్‌ల ఒక బాలబడిల పనిచేస్తున్న. మాది కరీంనగర్ దిక్కు పల్లె. మా బడికి వచ్చే పిల్లల్ల సగం మంది పసిఫికా పిల్లలే. సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూ లాంటి దీవులకెళ్లి వచ్చి న్యూజిలాండ్‌ల స్థిరపడ్డోళ్లను, వాళ్ల పిల్లలను కలిపి పసిఫికా అంటరు. 2023 లెక్కల్ల ఈ దేశంల వందకు తొమ్మిది మంది దాకా వీళ్లే.

ఒకరోజు సాయంత్రం ఒక సమోవా నాయనమ్మ మనుమడిని తోల్కపోనీకి వచ్చింది. పోరడు ఇసుకల ఆడుతుండు. ‘ఇయ్యాల ఏం నేర్చుకున్నడు టీచర్?’ అని అడిగింది. ‘మంచిగ ఆడుకున్నడు’ అన్న. ‘ఆడుకునుడు ఇంట్ల సుత అయితది గదా, బడికి ఎందుకు పంపుతున్నం?’ అన్నది. నేను ట్రైనింగ్‌ల నేర్చిన ముచ్చట అప్పజెప్పిన: ‘ఈ వయసుల ఆటే చదువు.’ ఆమె ఏం మాట్లాడలే. మర్నాటి నుంచి పోరడు రాలే. వారం గడిచింది.

అప్పుడు తెల్సుకునుడు మొదలుపెట్టిన. సమోవాల శానా మంది పెద్దోళ్లు ఊరి పాస్టర్ ఇంటికాడ అక్షరాలు దిద్దినోళ్లే. గోడకు ‘పీ తౌతౌ’ అనే అక్షరాల పటం ఉంటది. ‘ఆ’ అంటే ఆతో, అంటే బుట్ట. అందరు ఒక్క గొంతుతోని పాడుకుంట నేర్చుకుంటరు. అక్టోబర్‌ల పిల్లల ఆదివారం వస్తే చర్చిల అందరి ముంగట పిల్లలు వాక్యాలు అప్పజెప్తరు, నాటకాలు ఆడ్తరు. వాళ్ల లెక్కల చదువంటే పెద్దల నడుమ కూసోని, విని, పాడి, నలుగురి ముంగట నిలబడి చూపెట్టుడు. పిల్ల గెలిస్తే ఇంటిపేరు గెలిచినట్టే.

ఇంకో సంగతి. ఆ తరమోళ్లు ఫ్యాక్టరీలల్ల పనికి ఈ దేశం వచ్చిండ్రు. 1970లల పోలీసులు తెల్లారకముందే ఇండ్ల మీద పడి, వీసా గడువు దాటిండ్రని పసిఫికా జనాన్ని పట్టుకపోయిండ్రు. దానికి 2021ల ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అన్ని కష్టాలు పడ్డది పిల్లల చదువు కోసమే. గసుంటి మనిషికి ‘ఆడుకున్నడు’ అంటే ఎట్లుంటది?

మనం అనే ‘స్వేచ్ఛగ ఆట’ సుత ఆకాశంకెళ్లి ఊడిపడలే. 1837ల జర్మనీల ఫ్రోబెల్ మొదలుపెట్టిన బాలబడి పద్ధతి అది. న్యూజిలాండ్‌కు 1889ల డునెడిన్ నగరంల అడుగుపెట్టింది. ‘నీకేం కావాల్నో నువ్వే చెప్పు, నువ్వే ఎంచుకో’ అనేది దాని తీరు. సమోవా ఇంట్ల తీరు వేరే. కూసున్న పెద్దల ముంగటికెళ్లి పోవాల్నంటే వొంగి, ‘తులౌ’ అని మన్నింపు అడిగి పోవాలె. బడి ఒకటి చెప్తే ఇల్లు ఇంకొకటి చెప్తది. నడుమ నలిగేది నాలుగేండ్ల పోరడు.

గట్లని ఆట తప్పని కాదు. నీళ్లు ఒక డబ్బలకెళ్లి ఇంకో డబ్బల పోసే పిల్లకు ఎక్కువ, తక్కువ సమజైతది. దుకాణం ఆటల లెక్క వస్తది. పసిఫికా ఇండ్లల్ల ఆట లేదని సుత కాదు. పాట, చప్పట్లు, ‘సివా’ నాట్యం అన్నీ ఉన్నయ్. అందుకే 1980లల సమోవా ఆడోళ్లు, చర్చిలు కలిసి తమ భాషల ‘ఆఓంగా అమాతా’ బాలబడులు పెట్టుకున్నరు. 1996ల వచ్చిన దేశ బాలవిద్య ప్రణాళిక పేరు ‘తె ఫారికి’. మావోరీ భాషల అల్లిన చాప అని అర్థం. ఏ బడి చాప ఆ బడి జనంతోని కలిసి అల్లుకోవాలెనని దాని మాట.

నేను ఆ నాయనమ్మ ఇంటికి పోయి, ‘మా పిల్లలకు పీ తౌతౌ నేర్పుతరా?’ అని అడిగిన. వచ్చింది. చాప మీద కూసోబెట్టి పాడిపిచ్చింది. రెండు వారాలకు పోరగాళ్లు ఇసుకల ‘చర్చి ఆట’ మొదలుపెట్టిండ్రు. ఆమె మనుమడు వొంగి ‘తులౌ’ అనుకుంట నడుస్తుండు. ఆమె నవ్వింది.

ఇప్పటికీ రోజూ అదే అడుగుతది: ‘ఏం నేర్చుకున్నడు?’ నేను మాత్రం ‘ఆడుకున్నడు’ అంటలేను. ‘ఇయ్యాల ఏడు గవ్వలు లెక్కపెట్టిండు, రెండు దోస్తుకు ఇచ్చి ఐదు మిగిలినయ్ అన్నడు’ అని చెప్తున్న. మన అంగన్‌వాడీ ముంగట సుత గిదే ప్రశ్న అడుగుతరు. అడిగినోళ్లకు తెల్వదనుకోకుండ్రి. వాళ్లకు చదువు విలువ తెల్సు, మనం చెప్పే తీరే సక్కగ లేదు.