లంగరెత్తని ఓడ

విశాఖపట్నంలో ఒక ఓడ ఉంది. అది ఏనాడూ లంగరెత్తలేదు. అలల తాకిడి ఎరుగదు. దాని పేరు ఐ.ఎన్.ఎస్. డేగ. నిజానికది నౌకాదళపు విమాన స్థావరం.

నేలమీది స్థావరానికి ఓడ పేరెందుకు? ఇది బ్రిటిష్ నౌకాదళం నుంచి సంక్రమించిన ఆచారం. నావికుడు ఏదో ఒక ఓడ పట్టీలో నమోదై ఉంటేనే అతనికి నౌకాదళ శాసనం వర్తించేది. అందుచేత ఒడ్డున పనిచేసేవారి కోసం స్థావరాలనే ఓడలుగా పరిగణించారు. స్వతంత్ర భారతం ఆ పద్ధతిని నిలుపుకొని, విమాన స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టింది. కొచ్చిలో 1953 మే 11న గరుడ వెలసింది. గోవాలో హంస ఉంది. విశాఖ వంతుకు డేగ వచ్చింది. ఆ పేరును తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ తీరానికి అటువంటి కాపలా ఎంత అవసరమో చరిత్రే చెబుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడ రేవులపై బాంబులు కురిపించాయి. ప్రజలు ప్రాణభీతితో పల్లెలకు తరలిపోయారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిటనే మునిగిపోయింది. మరునాడు మన విక్రాంత్ మీది నుంచి లేచిన విమానాలు కాక్స్ బజార్‌ను, చిట్టగాంగ్‌ను దెబ్బతీశాయి.

అయితే అంతటి విమానవాహక నౌకకూ ఒక పరిమితి ఉంది. ఓడ వేగంగా సాగుతూ, ఎదురుగాలి తోడైనప్పుడే దాని పొట్టి డెక్కు మీది నుంచి విమానాలు సురక్షితంగా లేవగలవు. రేవులో నిలిచిన ఓడ మీద అవి రెక్కలుడిగిన పక్షులే. కనుక ఓడ రేవు చేరకమునుపే విమానాలు తీరానికి వచ్చి వాలాలి. శిక్షణ, మరమ్మతు, తీరరేఖ వెంబడి గస్తీ నేలమీది గూటి నుంచే సాగాలి. తూర్పు తీరాన అటువంటి గూడుగా 1991 అక్టోబరు 21న డేగ నౌకాదళంలో చేరింది. ఆ రన్‌వే మీదనే విశాఖకు వచ్చే పౌర విమానాలు కూడా దశాబ్దాలుగా దిగుతూ వచ్చాయి.

2014 అక్టోబరు 12న ఆ గూటికే పరీక్ష వచ్చింది. ఆనాటి తుపాను పేరు హుద్‌హుద్. అరబ్బీలో అది తలపై కుచ్చు గల ఒక చిన్న పక్షి పేరు. ఆ గాలికి డేగ హ్యాంగర్లు దెబ్బతిన్నాయి. ప్రయాణికుల భవనపు కప్పు చెదిరింది. అయినా వారం తిరగకముందే పౌర విమానాలు మళ్లీ ఎగిరాయి.

సముద్రం మీద తిరిగే ఓడ తుపాను ముంచుకొస్తే దారి మళ్లించుకోగలదు. ఈ ఓడకు ఆ వెసులుబాటు లేదు. ఉన్నచోటనే నిలిచి తట్టుకోవాలి.