రాతిలో మిగిలిన పూరిల్లు

పూరిల్లు వందేళ్లు నిలవడమే అరుదు. అటువంటిది రెండు వేల ఏళ్ల నాటి గుండ్రని పూరిల్లు ఎలా ఉండేదో చూడాలంటే ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి కొండ ఎక్కాలి. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. జీలకర్రగూడెం పక్కనున్న ఈ కొండను బౌద్ధ భిక్షువుల కోసం గుహలుగా తొలిచారు.

వీటిలో ముఖ్యమైనది గుండ్రని చైత్యగృహం. ఇది క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం ప్రాంతానిదని పండితుల అంచనా. లోపలి గది అడ్డుకొలత సుమారు 18 అడుగులు. మధ్యలో అదే రాతిలో మలచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నని దారి ఉన్నాయి. పరిసర గ్రామాల వారు ఈ స్తూపాన్నే ధర్మలింగేశ్వరస్వామిగా కొలుస్తారు.

బరువు మోయని వాసాలు

తల ఎత్తి చూస్తేగాని ఇక్కడి అసలు విశేషం తెలియదు. కప్పు గొడుగులా వంగి ఉంటుంది. దాని నిండా రాతిలో చెక్కిన వాసాలు. అంచుల నుంచి లేచి అన్నీ నడినెత్తికి చేరుకుంటాయి. చుట్టింట్లో నిలబడి కప్పు చూసినట్లే ఉంటుంది. గుహ ద్వారం పైన గుర్రపు లాడం ఆకారంలో కమాను, దాని కింద కర్రల కొసలు కూడా రాతిలోనే మలిచారు.

నిజానికి కొండను తొలిచిన గదికి వాసాలతో పని లేదు. కొండే దానికి కప్పు. ఈ రాతి వాసాలు తట్టెడు బరువు కూడా మోయవు. అయినా శిల్పులు ఓపికగా చెక్కారు. వారెరిగిన కట్టడం కర్రతో, గడ్డితో కట్టినది. రాయి చేతికి వచ్చినా ఆ రూపాన్నే అందులో నిలిపారు.

బీహారులోని బరాబర్ కొండల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుని కాలంలో తొలిచిన సుదామ గుహలో, లోపలి గుండ్రని గదికి గడ్డి చూరు వేలాడుతున్నట్లు రాతిని మలిచారు.

కొండకు వాటాలు

చైత్యగృహానికి కొద్ది దూరంలో భిక్షువులు నివసించిన విహారాలున్నాయి. పెద్ద ఇంటిని అన్నదమ్ములు వాటాలు వేసుకున్నట్లు, ఒకే కొండ చరియను చిన్న చిన్న గదులుగా విడగొట్టారు. కొన్ని వాకిళ్ల మీద, కిటికీల మీద అవే లాడం కమానులు కనిపిస్తాయి. నివాసం రాతిలోకి మారినా వాకిలి మాత్రం పాత ఇంటిదే.

గడ్డి కుళ్లిపోతుంది, కర్ర చెదలు పడుతుంది, మట్టి గోడ వానకు కరిగిపోతుంది. అందుకే ఆనాటి సామాన్యుల ఇళ్లలో ఒక్కటీ మిగల్లేదు. వాటి పోలిక ఈ రాతి కప్పులో మిగిలింది.

ఇప్పుడు పూరిళ్లే కనుమరుగవుతున్నాయి. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లదీ అదే దారి. వేసవిలో నిప్పు భయం, వానాకాలంలో గాలివాన భయం, రెండు మూడేళ్లకోసారి కొత్త తాటాకు ఖర్చు భరించిన వారు డాబా కోరుకుంటే తప్పు పట్టడానికి లేదు. కాని ఇంటితోపాటు పని కూడా పోతోంది. నిట్రాట నిలపడం, వాసాలు కూర్చడం, చూరు నీరు గోడను తాకకుండా తాటాకు నేయడం తెలిసినవారు ఊళ్లలో తగ్గిపోతున్నారు. మన తాతలు ఎత్తిన ఇళ్లను ఎవరూ రాతిలో చెక్కిపెట్టలేదు. ఆ పని తెలిసిన పెద్దలు ఊళ్లో ఉండగానే పిల్లలు అడిగి రాసుకోవడం మంచిది.

గుంటుపల్లి కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అయితే ఇక్కడిది ఇసుకరాయి. మేకుతో పేరు గీకితే ఆ గీత చెరగదు. చూడవచ్చే వారు ఆ పని చేయకుండా ఉంటే, రెండు వేల ఏళ్లు నిలిచిన ఈ ఇల్లు మన మనవలకూ మిగులుతుంది.