తొడిమే తోడు

వీగన్ బ్రంచ్ మెనూ కోసం గుంటూరు సీమలో ఎక్కడికీ పోనక్కర్లేదు. చిక్కంతా ఆఖరి ముద్ద దగ్గరే.

ఎడిటర్ అప్పగించిన పని ఒక్క ముక్కలో ఉంది. పాలు, పెరుగు, నెయ్యి లేకుండా, ముందే చేసిపెట్టుకున్న వంటకాలతో, ఆదివారం పొద్దెక్కాక ఇరవై మందికి విందు ఎలా ఇవ్వాలో రాయాలి. అదీ గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి. గడువు గురువారం సాయంత్రం. పొద్దున పదిన్నరంటే ఇక్కడ మిరప కోతకు వెళ్లినవాళ్లు చేలో క్యారేజీ విప్పే వేళ. దానికి ఇంగ్లిషు పేరు పెట్టి, బల్ల మీద గుడ్డ పరిచినంత మాత్రాన ముఖచిత్ర కథనం అవుతుందా అన్న అనుమానంతోనే ఈ రచన మొదలైంది.

జాడీలు తెరిచేసరికి ఆ అనుమానం సగం పోయింది.

ముందే చేసిపెట్టుకోవడమంటే పట్నం వంటల పుస్తకాల లెక్కలో ముందు రోజు రాత్రి. పండుమిరపకాయ పచ్చడి లెక్క వేరు. చేలో కాయ ఎర్రబడి, ఇంకా కళ్లానికి చేరకముందే, జనవరి ఫిబ్రవరిల్లో పెడతారు. ఏడాదంతా తింటారు. కిలో పండుమిర్చికి పావుకిలో చింతపండు, దానికి కాస్త తక్కువగా రాళ్ల ఉప్పు, చెంచా పసుపు. కాయల్ని కడిగి, తడి పూర్తిగా ఆరాకే తొడిమ తీయాలి. ముందే తీస్తే నీరు లోపలికి పోయి పచ్చడి బూజు పడుతుంది. ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి, చింతపండును మధ్యలో దాచి, జాడీకి వాసెన కడతారు. మూడోనాటికి చింతపండు మెత్తబడుతుంది. అప్పుడు మొత్తం కలిపి రుబ్బి మళ్లీ జాడీకెత్తుతారు. వాడుకునే రోజున కావలసినంత తీసి, మెంతిపిండి, వెల్లుల్లి చేర్చి, నువ్వుల నూనెతో ఇంగువ తాలింపు పెడితే చాలు. ఇందులో జంతువుకు సంబంధించింది ఏదీ లేదు, ఎప్పుడూ లేదు. వీగన్ అన్న మాట పుట్టకముందు నుంచీ ఇది ఇలాగే ఉంది.

గోంగూర పచ్చడీ అంతే. ఎర్ర కాడల గోంగూరైతే పులుపు ఎక్కువ, నిలవకూ మంచిది. పక్కన పచ్చి ఉల్లిపాయ ఉంటే నెయ్యి లేని లోటు ఎవరూ అడగరు. పులిహోర గుజ్జు వారం ముందే ఉడికించి సీసాలో పెట్టుకోవచ్చు. అన్నం మాత్రం ఆ ఉదయమే వార్చాలి, ఎందుకంటే రాత్రి వండి బయట వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి, మళ్లీ వేడిచేసినా పోని విషాన్ని వదులుతుంది. గుంటూరు ఎండల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అల్లప్పచ్చడి నెల నిలుస్తుంది. కొబ్బరి చట్నీ మధ్యాహ్నానికే పాడవుతుంది కాబట్టి దాన్ని పిలవకపోవడమే మేలు.

ఇక ఉలవచారు. ఇప్పుడు పెళ్లిభోజనాల్లో దాని మీద మీగడ తేలకపోతే అతిథికి చిన్నతనం. పుట్టుకలో మాత్రం అది మీగడ ఎరగదు. అరక దున్నే ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టేవారు. గింజలు ఎద్దులకు, కట్టు మనుషులకు. ఆ కట్టులో చింతపండు పులుసు, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి, చిక్కబడేదాకా మరిగించి తాలింపు వేసేవారు. రెండు రోజుల ముందు కాచి ఫ్రిజ్‌లో పెడితే ఆదివారానికి రుచి ఇంకా దిగుతుంది. మీగడ బదులు చెంచాడు పచ్చి నువ్వుల నూనె చాలు. కొబ్బరిపాలు పోయమని ఈ మధ్య కొందరు చెబుతున్నారు గానీ, అలా పోస్తే అది ఉలవచారుగా మిగలదు.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. విస్తరిలో మూడొంతులు ఎవరూ మార్చకుండానే వీగన్. మిగిలిన ఒక్క వంతులోనే తిప్పలు. పెరుగన్నం తినకుండా లేచిన తెలుగువాడు తను భోంచేశానని ఒప్పుకోడు. అందులోనూ వడ్లమూడిలో సంగం డెయిరీ, ఊరూరా గేదెలు, వాటి ముందు పత్తిగింజల చెక్క ఉన్న సీమ ఇది. ఇక్కడ ఇరవై మందిని పిలిచి, పులిహోర, ఉలవచారు పెట్టి, పెరుగు లేకుండా చేయి కడుక్కోమంటే అది మర్యాద కాదు. పట్నంలో డబ్బాల్లో దొరికే బాదం పెరుగు, సోయా పెరుగు పెట్టవచ్చు. ఇరవై మందికి దాని ఖర్చు ఒక ఎత్తు, అది ఈ తిండితో కలవకపోవడం మరో ఎత్తు.

ఎడిటర్ అడగని ఒక వివరం ఇక్కడే చేతికి తగిలింది. ఈ కథనంలో సింహభాగం దానికే.

ఇంట్లో తోడు లేని రోజున పెద్దవాళ్లు చేసే ఉపాయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేసి మూతపెడితే తెల్లారేసరికి పాలు తోడుకునేవి. ఇందులో మిరప ఘాటు పాత్ర ఏమీ లేదు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ ఉండేది కాయ లోపల, గింజలు అంటుకునే తెల్లటి పొరలో. తొడిమ మీద ఉండేది లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే బ్యాక్టీరియా. పెరుగు చెంచాలో ఉండే జాతికి దగ్గరి చుట్టాలు. వాటికి కావలసింది కాస్త చక్కెర, కాస్త వెచ్చదనం. పాలు గేదెవా, గింజవా అని అవి అడగవు.

కాబట్టి వేరుశనగ పాలలో వేసినా పని జరుగుతుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో వేరుశనక్కాయ పండుతుంది, తొడిమలు ఎక్కడ చూసినా ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు సీజన్‌లో టిక్కీలకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలున్నాయి. కొన్ని సరుకులు తొడిమ తీస్తే గాని ఎగుమతికి పోవు. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. కాయల రాశి చుట్టూ కూర్చుని, మూతికి గుడ్డ కట్టుకుని, రోజంతా ఒక్కొక్క కాయకూ తొడిమ గిల్లుతారు. కాయ బస్తాలోకి పోతుంది, తాలు వేరే పోతుంది, తొడిమ కుప్పకు పోతుంది.

ఆ కుప్పలోంచి తెచ్చి వాడమని మాత్రం ఎవరికీ చెప్పలేం. మిరప చేను పురుగుమందులు ఎక్కువగా తాగే పంటల్లో ఒకటి. 2003లో ఐరోపాలో భారతీయ కారంలో సుడాన్ రంగు బయటపడ్డాక పరీక్షలు పెరిగాయి గానీ, తొడిమను తిండిగా ఎవరూ పరీక్షించరు. పెరట్లో నాలుగు మిరప మొక్కలుంటే వాటివి, లేదంటే మందులు కొట్టని చేనువి తీసుకోవాలి. ఎండువి కాదు, పచ్చికాయ తొడిమలు, అడుగున ఆకుపచ్చ టోపీతో సహా.

పద్ధతి ఇది. అరకిలో వేరుశనగ గుళ్లు ఎనిమిది గంటలు నానబెట్టాలి. ముడతలు పడినవి, నల్లబడినవి ముందే ఏరేయాలి. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, అది ఉడికినా పోదు. పొట్టు వదిలించి, లీటరున్నర నీళ్లతో మెత్తగా రుబ్బి, పలచటి నూలుగుడ్డలో వడకట్టాలి. వచ్చిన పాలను సన్నని మంట మీద కలుపుతూనే కాచాలి. చేయి ఆగితే అడుగంటుతుంది, పొంగు గేదెపాల కంటే తొందరగా వస్తుంది. గోరువెచ్చగా ఆరాక పది పన్నెండు తొడిమలు, చిటికెడు పంచదార వేసి మూతపెట్టాలి. వేసవిలో ఎనిమిది గంటలు, చలికాలంలో పన్నెండు.

తొలి విడత పెరుగు పలచగా ఉంటుంది, మిరప వాసన వేస్తుంది. అది తినడానికి కాదు. తొడిమలు తీసేసి, అందులోంచి రెండు చెంచాలు కొత్తగా కాచిన వేరుశనగ పాలలో తోడు వేస్తే రెండో విడత గడ్డకడుతుంది. అందుకే ఆదివారం విందుకు గురువారమే మొదలుపెట్టాలి. గుడ్డలో మిగిలిన పిప్పిని గుత్తివంకాయ మసాలాలోకి వాడేయవచ్చు. ఆ కూర కూడా ముందు రోజు చేసిందే బాగుంటుంది.

నిజం చెప్పాలంటే ఈ పెరుగు గేదె పెరుగు కాదు. అడుగున నీరు విడుతుంది, శనగగింజ వాసన పూర్తిగా పోదు. ఒట్టిగా గిన్నెలో పెట్టి ఇస్తే అతిథి మొహం చూడాల్సి వస్తుంది. దద్దోజనంగా కలిపి, అల్లం, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి, ఆవాలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెడితే ఆ వాసన తాలింపులో కలిసిపోతుంది. నంజుకోవడానికి మజ్జిగ మిరపకాయలు అడక్కండి. అవి పుల్లమజ్జిగలో నానినవి. గుమ్మడి వడియాలు వేయించండి.

చరిత్ర కూడా రాయమన్నారు, పేజీలో చోటు ఉన్నంత మేరకు. మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికి చేరింది. అంతకు ముందే శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడు మీద చాటువులు చెప్పి వెళ్లిపోయాడు, కాబట్టి ఆయన పండుమిర్చి రుచి చూడలేదు. బ్రంచ్ అన్నది 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే రచయిత తన వ్యాసంలో ఆదివారాల కోసం వాదించిన భోజనం. వీగన్ అన్నది 1944లో అక్కడే డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు పెట్టుకున్న పేరు. 1994 నుంచి నవంబరు 1న ప్రపంచ వీగన్ దినం జరుగుతోంది. కొన్ని ఏళ్లలో అది మన కార్తిక వనభోజనాల రోజుల్లోనే పడుతుంది. ఈ సీమ చరిత్రలో పశువులకూ చోటుంది. 1960లలో ఒంగోలు పక్కన కరవది నుంచి బ్రెజిల్‌కు వెళ్లిన ఆబోతు సంతతి అక్కడి మాంసం మందల్లో పెద్ద పేరు. ఇక్కడ గుంటూరు పక్కన లాంలో మిరప రకాల పరిశోధనా జరుగుతుంది, ఒంగోలు పశువుల పరిరక్షణా జరుగుతుంది. వీగన్ అతిథిని అక్కడికి తీసుకెళ్తే ఏ గేటు దగ్గర దింపాలో తేల్చుకోవాలి.

గురువారం నుంచి ఆదివారం దాకా

గురువారం పొద్దున గుళ్లు నానబెట్టి రాత్రికి తొడిమలు వేయాలి. శుక్రవారం తొలి విడతను ఫ్రిజ్‌లో పెట్టి, ఉలవచారు కాచి, పులిహోర గుజ్జు చేసుకుంటే సగం పని అయిపోయినట్టే. శుక్రవారం రాత్రికి మళ్లీ గుళ్లు నానాలి. శనివారం పొద్దున రెండో విడత పాలు తోడు వేసి, పగలు ఇడ్లీ పిండి రుబ్బి, గుత్తివంకాయ వండి, సాయంత్రం పెరుగు గడ్డకట్టగానే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. లేకపోతే తెల్లారేసరికి పుల్లబడుతుంది. కంది పొడి, నువ్వుల పొడి ఎప్పుడు చేసినా సరే, వాటికి నెయ్యి బదులు నూనె. తీపికి అరిసెలు వారం ముందే చేసుకోవచ్చు, పాకంలో నెయ్యి వేయకుండా, నూనెలో కాలిస్తే చాలు. నువ్వులుండలు, వేరుశనగ ఉండలు సరేసరి. సున్నుండలు మాత్రం నెయ్యి లేకుండా నిలబడవు, వాటిని వదిలేయాలి.

తాగడానికి పానకం. బెల్లం, మిరియాలు, యాలకులు శనివారం రాత్రే నీళ్లలో కలిపి మట్టికుండలో పెట్టవచ్చు. మంగళగిరిలో పానకాల నరసింహస్వామి సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడంటారు. ఇంటికొచ్చిన అతిథులకు ఆ నియమం వర్తించదు, కాబట్టి కాస్త ఎక్కువే కలపండి. బల్ల మీదకు మంగళగిరి నేత గుడ్డ బాగుంటుంది. పట్టుచీర కట్టుకొచ్చిన వీగన్‌ను మాత్రం ఏమీ అడగకండి.

ఆదివారం ఉదయానికి మిగిలేది అన్నం వార్చడం, ఇడ్లీలు వేయడం, తాలింపులు, వడియాలు.

పచ్చ చుక్క చాలదు

కొన్న సరుకు మీద పచ్చ చుక్క ఉంటే అది శాకాహారమని మాత్రమే అర్థం. భారతీయ నిబంధనల్లో పాలు, తేనె శాకాహారంలోకే వస్తాయి. వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు 2022లో వచ్చాయి. దినుసుల్లోనే కాదు, తయారీలో ఏ దశలోనూ జంతువుల నుంచి వచ్చినది వాడకూడదని వాటి సారాంశం. దానికి గుర్తు పచ్చని చతురస్రంలో ఆకు మొలిచిన ఇంగ్లిషు వి అక్షరం. బజారు నుంచి తెచ్చే బిస్కెట్లు, బ్రెడ్డు, రెడీమేడ్ పొడుల మీద దాన్ని చూసుకోవాలి. ఇంట్లో పెట్టిన పచ్చళ్ల విషయంలో ఏం వేశారో పెట్టినవాళ్లనే అడిగితే సరిపోతుంది.

ఎంత చెప్పినా పిలిచిన ఇరవై మందిలో ఒకరు ఒంగోలు నుంచి అల్లూరయ్య మైసూర్‌పాక్ పొట్లంతో దిగడం ఖాయం. కాదనకండి, కళ్లకద్దుకుని తీసుకుని లోపల పెట్టండి. సోమవారం కాఫీలోకి ఉంటుంది.