నల్లరేగడిపై రోడ్డు: మట్టి పరీక్షలు, జియోసింథటిక్స్

వేసవిలో నల్లరేగడి చేను నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. ఎండిన ఆ నేల గడ్డపారకు కూడా సులభంగా లొంగదు. నాలుగు వానలు పడ్డాక అదే నేలలో బండి చక్రం దిగబడుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వంటి ప్రాంతాల్లో రోడ్డు వేసే ఇంజనీరు ముందున్న ప్రశ్న ఇది: ఈ మట్టి బలాన్ని ఏ స్థితిలో కొలవాలి?

7.1 మట్టి ఎందుకు ఉబ్బుతుంది?

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పలుచని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. నీరు పోతే కుంచించుకుపోతుంది. ఈ గుణాన్ని స్వేచ్ఛా ఉబ్బు పరీక్షతో తెలుసుకుంటాం. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన పొడి మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో పోస్తారు. ఒకదానిలో స్వేదనజలం, రెండోదానిలో కిరోసిన్ నింపుతారు. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు. 24 గంటల తరువాత కిరోసిన్‌లో మట్టి 10 మి.లీ., నీటిలో 17 మి.లీ. ఉందనుకుందాం. అప్పుడు ఉబ్బు సూచిక (17–10)/10 × 100 = 70 శాతం.

7.2 సి.బి.ఆర్. పరీక్ష

కాలిఫోర్నియా బేరింగ్ రేషియో పరీక్షలో 50 మి.మీ. వ్యాసం గల ఉక్కు కడ్డీని నిమిషానికి 1.25 మి.మీ. వేగంతో, కుదించిన మట్టిలోకి దింపుతారు. 2.5 మి.మీ. దిగడానికి పట్టిన భారాన్ని ప్రామాణిక భారమైన 1370 కిలోలతో భాగించి శాతంగా చెబుతారు.

ఒక నమూనాను నానబెట్టకుండా పరీక్షిస్తే 137 కిలోలు పట్టిందనుకుందాం. విలువ 10 శాతం. అదే మట్టిని 4 రోజులు నీటిలో నానబెట్టాక 27.4 కిలోలే పట్టిందనుకుందాం. విలువ 2 శాతం. మొదటి విలువను నమ్మితే రోడ్డు మందం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కానీ వానాకాలంలో ఆ రోడ్డు గాళ్లుపడి కుంగిపోతుంది. అందుకే నీరు చేరే అవకాశమున్న చోట నానిన మట్టి విలువనే లెక్కలోకి తీసుకోవాలి.

7.3 జియోసింథటిక్స్ చేసే పని

మెత్తని నేలపై కంకర పరిస్తే వాహనాల ఒత్తిడికి కంకర కిందికి, బురద పైకి చేరి రెండూ కలిసిపోతాయి. మధ్యలో జియోటెక్స్‌టైల్ అనే పాలిమర్ వస్త్రం పరిస్తే అది వాటిని వేరుగా ఉంచుతుంది. నీటిని పోనిచ్చి మట్టి రేణువులను ఆపుతుంది. జియోగ్రిడ్ వలలాంటిది. దాని గళ్లలో కంకర రాళ్లు బిగుసుకుని పక్కకు జారవు. మట్టి లాగుడును తట్టుకోలేదు. ఆ లోటును గ్రిడ్ తీరుస్తుంది.

అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. ఇవి మట్టి ఉబ్బే గుణాన్ని మార్చవు. పక్క కాలువలు లేక నీరు నిలిస్తే, వస్త్రం కింద నేల ఉబ్బుతూ, కుంగుతూనే ఉంటుంది. కాబట్టి ముందు పరీక్ష, తరువాత నీటిపారుదల ఏర్పాటు, ఆపైన ఏ పదార్థం వాడాలన్న నిర్ణయం: ఈ వరుస తప్పరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

నానిన నమూనాలో కడ్డీ 2.5 మి.మీ. దిగడానికి 41.1 కిలోలు పట్టింది. సి.బి.ఆర్. విలువ ఎంత?

జవాబు: 41.1/1370 × 100 = 3 శాతం.