వైద్యశాలకు మూడు వాకిళ్ళు

గోదావరికి దక్షిణపు గట్టున రామగుండము, గోదావరిఖని. ఉత్తరమున మంచిర్యాల, దాని నంటియున్న నస్పూరు. నేలక్రింద బొగ్గు, నేలమీద కార్మికుల కాలనీలు. ఈ ప్రాంతపు బ్రతుకంతయు సింగరేణి సంస్థతో ముడివడి యున్నది. నస్పూరు చెంతనున్న శ్రీరాంపూరు గనులలో పనిచేయువాడు జబ్బుపడినచో ఏ వాకిలి తట్టవలయును? వైద్యమున ప్రభుత్వమెంత, అంగడి యెంత యని పండితులు చేయు చర్చ యంతయు ఈ చిన్న ప్రశ్నలో ఇమిడియున్నది.

మొదటి వాకిలి సంస్థది. 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో తవ్వకమునకై ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ వారసత్వమును 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అందుకొనెను. 1945లో నిజాం ప్రభుత్వము దానిలో అధిక భాగమును కొనెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు. కొత్తగూడెమున ప్రధాన వైద్యశాల, గోదావరిఖని, రామకృష్ణాపూరు మొదలగు చోట్ల ఏరియా ఆసుపత్రులు సంస్థవే.

ఇది కేవలము దానధర్మము కాదు. అడవిలో గని తెరచినవానికి అచ్చట వైద్యుడు దొరకడు. రోగి యైన కార్మికుడు బొగ్గు తవ్వలేడు. కప్పు కూలి గాయపడినవానికి దూరపు పట్టణము చేరు వ్యవధి యుండదు. 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టము సైతము గనుల చట్టము క్రిందనున్న గనులను కర్మాగారములుగా లెక్కింపలేదు. అందుచేత వైద్యభారము గని యజమాని మీదనే నిలిచినది.

కాని ఈ వాకిలికి తాళపుచెవి ఉద్యోగపు పద్దు. పద్దులో పేరున్నంత కాలము కార్మికునికి, అతని పై ఆధారపడినవారికి తలుపు తెరచియుండును. బొగ్గుదుమ్ము వలన కలుగు ఊపిరితిత్తుల వ్యాధి మాత్రము పద్దు నెరుగదు. సన్నని ధూళి శ్వాసకోశముల అడుగునకు చేరి, ఏండ్ల తరబడి మచ్చలు కట్టును. ఆ మచ్చలను చెరపగల మందు లేదు. గని విడిచిన పిమ్మటను ఆయాసము బయలుపడవచ్చును. పదవీ విరమణ చేసినవారికి చందాతో కూడిన వైద్యపథకము కలదు. దానికిని పరిమితి కలదు. ఉపరితల గనులలో మట్టి తొలగించు పని చాలవరకు కాంట్రాక్టర్ల చేతిలో నున్నది. ఆ కార్మికులు పీల్చు దుమ్ము ఒక్కటియే. కాని పర్మనెంటు కార్మికుని కుటుంబమునకు గల హక్కులన్నియు వారి కుటుంబములకు లేవు. ఏరు దాటి తెప్ప తగులవేసినట్లు, బొగ్గు పైకి వచ్చిన తరువాత తవ్విన చేతిని మరచుట న్యాయమగునా?

రెండవ వాకిలి అంగడిది. ప్రైవేటు వైద్యశాలలు లేనిచో ఎందరికో సకాలమున చికిత్స యందదు. ఆ మేలును కాదనరాదు. అయినను చీర కొనుట వేరు, చికిత్స కొనుట వేరు. చీర నేతను కొనువాడే చేతబట్టి చూచును. చికిత్స మంచిచెడ్డలు రోగికి తెలియవు; ఏది అవసరమో చెప్పువాడును, అమ్మువాడును ఒక్కడే. బేరమాడుటకు వ్యవధియు లేదు. కెనెత్ యారో అను అమెరికా ఆర్థికవేత్త 1963లోనే ఈ సంగతిని విశదపరచెను. మరియొక లోపము కలదు: దుమ్ము లేవకుండ నీరు చల్లుటను ఏ రోగియు దుకాణమున కొనలేడు. రోగము రాకుండ చేయు పని అంగడికి లాభసాటి సరకు కాదు.

మూడవ వాకిలి ప్రభుత్వముది. డబ్బు లేదను కారణమున ఎవనికిని వైద్యము లభింపకపోరాదని 1946లోనే భోర్ కమిటీ చాటెను. ఆ మాట నెరవేరుటకు చాల కాలము పట్టుచున్నది. దేశమున వైద్యవ్యయములో ప్రజలు స్వయముగా చెల్లించు భాగము 2013–14లో 64.2 శాతము, 2021–22 నాటికి 39.4 శాతమునకు తగ్గినది. తగ్గుట శుభమే, కాని అదియు పేదకు తేలిక బరువు కాదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, ప్రభుత్వము వెల చెల్లించి ప్రైవేటు వైద్యశాలలలోను చికిత్స చేయించు మార్గము. 2023 డిసెంబరులో తెలంగాణమున దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగినది. శస్త్రచికిత్సకు అది గొప్ప అండ. నిత్యము కావలసిన మందుబిళ్ళకు అంత అండ కాదు. 2022లో మంచిర్యాలలోను, రామగుండములోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. అయినను భవనము లేచినంత మాత్రమున వైద్యము జరుగదు. వైద్యుడు, నర్సు, మందు మూడును సిద్ధముగా నుండవలయును.

కావున మూడింటిలో ఒక వాకిలిని మూయుమనుట పరిష్కారము కాదు. సంస్థ తన ఆసుపత్రులు నడుపవచ్చును. ప్రైవేటు వైద్యుడు తన సేవ చేయవచ్చును. కాని ఏ వాకిలియు తెరువబడని మనిషికి జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వముదే. దానిని మరియొకరికి అప్పగింప వీలులేదు. మంచిర్యాల జిల్లా కలెక్టరేటు నస్పూరులోనే యున్నది. గనులు కూడ అచ్చటికి దూరము కావు. ఆ రెండింటి నడుమ దగ్గుచు నడచు వృద్ధ కార్మికుని, "నీవు ఏ పద్దులో వాడవు?" అని కాక, "నీకేమి బాధ?" అని ముందుగా అడుగునట్టి వ్యవస్థ రావలయును. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు, చదువు విద్యార్థులు ఆలోచింపవలసిన పాఠమిది.