ముళ్ళ కళ్ళెం లేకపోయినా గుర్రం ఆగుతుంది

పెన్నకు అటు నెల్లూరు, ఇటు కోవూరు. మా పెద్దవాళ్ళు ఏటి అవతలికి జట్కాలో వెళ్ళొచ్చిన సంగతులు కథలుగా చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ బండ్లు లేవు. గుర్రం మాత్రం పెళ్ళి ఊరేగింపుల్లో మిగిలింది. మొన్న మాఘమాసంలో అలాంటి గుర్రం ఒకటి మా వీధిలో ఆగితే దగ్గరికి వెళ్ళి చూశాను. నెత్తిన కుచ్చు, మెడలో పూసలు, వీపున జరీ బట్ట. పెదవి మూల మాత్రం ఎండిపోయిన నెత్తురు చార, దాని మీద ఈగలు. కళ్ళెం కమ్మికి రెండు పక్కలా ముళ్ళ బిళ్ళలున్నాయి. "ముల్లు లేకపోతే ఇది నిలవదు సార్, జోరు జాతి" అన్నాడు దాన్ని తోలుకొచ్చినాయన. ఆయన కసాయివాడేం కాదు. ఊరేగింపు కదిలేలోపు దోసిట్లో నానబెట్టిన ఉలవలు పోసి తినిపించాడు. ఆయన చేతికి ఆ ముళ్ళు అందించింది ఒక నమ్మకం. అలాంటి నమ్మకాలు గుర్రపువాళ్ళలో చాలా ఉన్నాయి, చాలా గట్టిగానూ ఉన్నాయి.

అపోహ: ముళ్ళ కళ్ళెం వేస్తేనే గుర్రం మాట వింటుంది.

వాస్తవం: గుర్రం నోట్లో ముందు కొరికే పళ్ళు, వెనక నమిలే పళ్ళు ఉంటాయి. రెంటికీ మధ్య పళ్ళే లేని ఖాళీ చిగురు. కళ్ళెం కమ్మి కూర్చునేది అక్కడే. ఆ పల్చటి చిగురు కింద కండ లేదు, నేరుగా దవడ ఎముక అంచే. మన మోకాలి కింద ముందు ఎముకను వేలితో నొక్కి చూసుకుంటే సంగతి బోధపడుతుంది. అక్కడ ముల్లు గుచ్చుకుంటే గుర్రం ఆగదు, నొప్పి నుంచి పారిపోవాలని చూస్తుంది. తల పైకెత్తుతుంది, నోరు తెరుస్తుంది, నాలుకను కమ్మి మీదికి తెచ్చుకుంటుంది, వెనక్కి నడుస్తుంది. చూసేవాళ్ళకు అది పొగరులా కనిపిస్తుంది. పగ్గం ఇంకాస్త గట్టిగా లాగుతారు. పుండు మాని కాయ కాస్తే అక్కడ స్పర్శ తగ్గి, నిన్నటి లాగుడు ఇవాళ చాలదు. జోరు జాతి అనిపించుకునే గుర్రాల్లో ఎన్నింటిని మన చేతులే అలా తయారుచేశాయో!

ముళ్ళ కళ్ళెం మన తాతల నాటి రహస్య విద్యా కాదు. దాదాపు 2,400 ఏళ్ళ కిందట గ్రీకు రచయిత జెనోఫన్ గుర్రపుస్వారీ మీద పుస్తకం రాస్తూ కరుకు కళ్ళెం ఒకటి, నున్నటిది ఒకటి ఉంచుకోమన్నాడు. ఆయన ఉద్దేశం గుర్రం నున్నటిదాన్ని ఇష్టపడేలా చేయడమే. మన దేశంలో ఆ చర్చ 1965లోనే ముగియాల్సింది. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం ఆ ఏడాది కేంద్రం తెచ్చిన నిబంధనలు ముళ్ళున్న కళ్ళేన్ని నిషేధించాయి. ముల్లుకర్రను కూడా.

అపోహ: కమ్మి ఎంత లావుంటే నోటికి అంత మెత్తన.

వాస్తవం: నోరు మూసుకున్నప్పుడు గుర్రం నాలుకే లోపలి చోటంతా దాదాపు నింపేస్తుంది. లావు కమ్మికి అక్కడ చోటేది? మరీ సన్నది కోస్తుంది, మరీ లావుది నాలుకను నలిపేస్తుంది. ఆ గుర్రం నోటికి సరిపోయిందే మెత్తన. అదీ పగ్గం పట్టిన చెయ్యి మెత్తనైతేనే.

అపోహ: నోట్లో నురగ వస్తే గుర్రం హాయిగా ఉన్నట్టు.

వాస్తవం: కమ్మిని నెమ్మదిగా నములుతుంటే పెదవుల మీద కాస్త నురగ రావచ్చు. మెడ వంచి బిగించి కట్టినప్పుడు మింగలేక కారేదీ నురగే. నురగ ఒక్కటీ చూసి ఏదీ తేల్చలేం. చెవులు, కళ్ళు, తోక కూడా చూడాలి.

కళ్ళెమే తీసేసి ముక్కు మీద తాడు కడితే ఏ బాధా ఉండదనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనసు మంచిదే. అయితే గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. తాడు కిందికి జారి బిగుసుకుంటే ఊపిరికే అడ్డం.

అపోహ: గంతలు కడితే గుర్రం బెదరదు.

వాస్తవం: గుర్రానికి తల తిప్పకుండానే వెనక దాదాపు అంతా కనిపిస్తుంది. వెనకే దొర్లే చక్రాలు చూసి బెదరకుండా జట్కా గుర్రానికి గంతలు కట్టేవాళ్ళు. అలవాటైన గుర్రానికి, అలవాటైన దారిలో అది పనికొచ్చింది. పెళ్ళిలో దాన్ని బెదరగొట్టేది డప్పులు, డీజే, టపాకాయలు. చెవులకు గంతలు కట్టలేం కదా.

అపోహ: జీను కింద ఎన్ని మెత్తలు వేస్తే వీపుకు అంత మేలు.

వాస్తవం: ఇరుకు జీను కింద ఇంకో దుప్పటి దూరిస్తే నొక్కుడు పెరుగుతుంది. ఎర్ర గుర్రం వీపున, మెడ దిగిన చోట, రూపాయంత తెల్ల వెంట్రుకల మచ్చ కనిపిస్తే పుట్టుమచ్చ అనుకుంటారు. చాలాసార్లు అది జీను ఒరిసి మానిన పుండు. ఆ చోట చాలావరకు మళ్ళీ నల్ల, ఎర్ర వెంట్రుక రాదు.

లాడం సంగతి ఎద్దులను చూసిన మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు. మేకు దిగేది డెక్క బయటి గోడలోకి, అక్కడ నొప్పి తెలియదు. నెలకు సుమారు సెంటీమీటరు పెరిగే డెక్కను మరిచిపోయి అదే లాడాన్ని మూడు నెలలు ఉంచేస్తేనే కాలు పాడయ్యేది.

13వ శతాబ్దంలో మన తీరానికి దక్షిణాన ఉన్న పాండ్య రాజ్యాన్ని చూసిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలను సముద్రం మీద తెప్పించుకుంటే, ఏడాది తిరిగేసరికి చాలా మటుకు చచ్చిపోయేవని రాశాడు. చూసుకోవడం తెలియకే అన్నాడు. అంత ఖరీదు పెట్టి కొన్న జంతువుకే ఆ గతి పడితే, పూట బాడుగకు తెచ్చుకునే గుర్రం మాట చెప్పాలా?

ఈసారి మీ ఇంట పెళ్ళికి గుర్రం మాట్లాడేటప్పుడు కుచ్చులూ జరీ తర్వాత చూడండి. ముందు దాని నోరు తెరిచి చూపించమనండి. పెదవి మూలల్లో పుండు ఉందా, కమ్మికి ముళ్ళున్నాయా, వీపున ఒరుపు ఉందా? ముళ్ళుంటే, నున్న కళ్ళెం వేసి తెస్తేనే అడ్వాన్సు ఇస్తామని చెప్పండి. పుండు కనిపిస్తే ఆ గుర్రాన్ని ఎక్కకండి, పశువుల డాక్టరుకు చూపించమనండి. పెళ్ళికొడుకు నాలుగడుగులు నడిచి వచ్చినా ముహూర్తం దాటిపోదు.