అక్షహృదయము

మొన్న మా మాదన్నపేటలో పొరుగింటి పిన్నిగారు చేతిగాజులు కుదువబెట్టుటకు మమ్ము తోడు రమ్మనిరి. కుమారుడు గోవాలోని జూదశాలలో స్లాట్ యంత్రమునొద్ద ధనమంతయు పోగొట్టుకొని, మరల పంపుమనెనట. “ఇంతసేపు మ్రింగిన యంత్రము ఇక నిచ్చితీరదా?” యని యామె ప్రశ్న.

ఈ యంత్రమును 19వ శతాబ్ది చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో ఛార్లెస్ ఫే రూపొందించెను. మూడు చక్రములందు పదేసి బొమ్మలున్నచో కూడికలు 1,000; కోరిన కూడిక యొక్కటియే. నేటి యంత్రమున చక్రములు కన్నులకొఱకే. మీట నొక్కినంతనే లోపలి కంప్యూటరు ఒక సంఖ్యను గైకొని ఫలమును నిశ్చయించును. దానికి వెనుకటి యాటల జ్ఞప్తి లేదు. కావున నోడినవానికి ఋణపడదు. ఒక్క బొమ్మలో గెలుపు తప్పినట్లు తోచినను, అదియు నోటమియే.

నూటికి 95 తిరిగి యిచ్చు యంత్రముపై పదేసి రూపాయలు గంటకు 600 మారులొడ్డిన, పందెము 6,000. సగటు నష్టము 300. ఎంత త్వరగా నాడిన నంత నష్టము.

నలుడు ఋతుపర్ణునివలన అక్షహృదయము నేర్చి, పోయిన రాజ్యమును గెలిచెను. ఈ యంత్రపు హృదయము నెఱిగినవారికి గెలుపు రాదు. లేచిపోవు వివేకము మాత్రము వచ్చును.

మన రాష్ట్రమున 1974 నాటి జూదశాసనము, 2017 సవరణతో, ఫోనులో ధనమొడ్డి యాడుటను సైతము నిషేధించినది. అనుమతిగల చోటికి పోవువారు వినోదమునకని ముందే విడిచిన సొమ్ముతో, కాలనియమముతో నాడవలెను. అప్పు తేరాదు, పోయినదానిని వెంబడింపరాదు.

పిన్నిగారి గాజులు చేతనే యున్నవి. కుమారునికి తిరుగు రైలు టికెట్టు మాత్రము పంపించితిమి.